ఇన్‌స్టాల్ అవుతుంది, తెరుచుకోదు: కాటా సాఫ్ట్‌వేర్‌తో నాలుగు రోజులుగా అవస్థ

దామలచెరువు_కాటా
మాది దామలచెరువు దగ్గర లారీ కాటా. తోతాపురి మామిడికాయ దిగే రోజులు, పగలూ రాత్రీ బండ్లే. పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది, పోయిన వారం తిరుపతిలో కొత్తది తెచ్చాం, విండోస్ 11. కాటా సాఫ్ట్‌వేర్ సీడీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని ఇన్‌స్టాల్ చేశాను. ఏ అడ్డూ లేకుండా చివరిదాకా పోయింది, ఫినిష్ అని వచ్చింది, డెస్క్‌టాప్ మీద ఐకాన్ పడింది. దాన్ని రెండుసార్లు నొక్కితే నీలం చక్రం ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంది, అంతే. విండో రాదు, ఎర్రర్ అని కూడా రాదు. తీసేసి మళ్లీ వేశాను, ఇప్పటికి నాలుగుసార్లు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే సీజన్ అయ్యాక మనిషిని పంపిస్తామంటున్నారు. సీజన్ అయ్యాక వస్తే నాకేం లాభం?

ఇండికేటర్ మీద బరువు కనిపిస్తోంది కాబట్టి చేత్తో చీటీలు రాసిస్తున్నాం. లోడు బండి బరువు ఒకచోట, ఖాళీ బండి బరువు ఒకచోట రాసుకుని తీసివేత చేయాలి. రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఒక అంకె తప్పితే రైతు నోట్లో మట్టే. 2025లో మామిడి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని పెట్టినప్పుడు ఒక్కో కిలో కోసం రైతులు ఎంత అల్లాడారో కళ్లారా చూశాను. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

లీలామహల్_సర్కిల్
ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టండి. సగం పాత సాఫ్ట్‌వేర్‌లకు అదే మందు.

దామలచెరువు_కాటా
అది మొదటి రోజే చేశాను. అదే చక్రం, అదే మౌనం.

ఎస్వీయూ_ఎంసీఏ
సార్, ప్రాపర్టీస్‌లో కంపాటబిలిటీ ట్యాబ్ ఉంటుంది, అక్కడ విండోస్ 7 ఎంచుకుని చూడండి. అలాగే విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరవండి. యాంటీవైరస్ ఏదైనా ఫైల్‌ను పక్కన పెట్టేసి ఉంటే అక్కడ కనిపిస్తుంది. మా ల్యాబ్‌లో ఒక ప్రాజెక్ట్ ఎన్నిసార్లు వేసినా తెరుచుకోలేదు, చివరికి చూస్తే ఇన్‌స్టాల్ అయిన మరుక్షణమే దానికి కావలసిన ఒక డీఎల్‌ఎల్ ఫైల్‌ను యాంటీవైరస్ తీసేస్తోంది.

బెల్లం_మండి
సీరియల్ కేబుల్ సంగతి చూశారా? పాత కంప్యూటర్‌కు వెనకాల తొమ్మిది పిన్నుల పోర్టు ఉండేది, కొత్తవాటికి ఉండదు. యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే కామ్ నంబర్, అంటే ఆ పోర్టుకు విండోస్ ఇచ్చే నంబర్, మారిపోతుంది. చిత్తూరులో మా మండి కాటాకు సరిగ్గా ఇదే అయింది, కామ్ 1 కాస్తా కామ్ 5 అయి కూర్చుంది.

పాకాల_జంక్షన్
బెల్లం అన్నా, మీకు విండో తెరుచుకుంది కదా, బరువు రాలేదు అంతే కదా? వాళ్లకు విండోనే రావడం లేదు. కామ్ పోర్టు తర్వాతి మాట.

బెల్లం_మండి
అవును, నాకు సాఫ్ట్‌వేర్ తెరుచుకుని బరువు దగ్గర సున్నాలు చూపేది. నిజమే, వేరే రోగం.

కలంకారీ_కాళహస్తి
కంప్యూటర్‌లో తేదీ ఒకసారి చూడండి. మా షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయింది, తీసేసి మళ్లీ వేసినా అంతే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది అయిపోయి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయింది. లైసెన్స్ ఇంకా మొదలే కాలేదు అనుకుని సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే అయిపోయింది.

దామలచెరువు_కాటా
తేదీ సరిగ్గానే ఉందమ్మా. కంపాటబిలిటీ పెట్టి చూశాను, మార్పు లేదు. ప్రొటెక్షన్ హిస్టరీలో ఏమీ లేదు. ఇంతలో ఇంకో నాలుగు లారీలు వచ్చాయి, రాత్రికి మళ్లీ చూస్తాను.

లీలామహల్_సర్కిల్
అయితే ఫార్మాట్ కొట్టి విండోస్ 10 వేయించండి. 11లో ఇలాంటి పాతవి నడవవు. మా షాపులో అందరికీ అదే చేస్తున్నాం.

పాకాల_జంక్షన్
సర్కిల్ అన్నా, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోనే సపోర్ట్ ఆగిపోయింది. కొత్త మిషన్ కొని పాతది వేయించుకోవడం దేనికి? పైగా సీజన్ మధ్యలో ఫార్మాట్ అంటే ఒకరోజు పోయినట్టే. ఏం జరుగుతోందో తెలియకుండా ఫార్మాట్ చేయడం నాకు నచ్చదు.

లీలామహల్_సర్కిల్
రోజుకు పది కంప్యూటర్లు చూసే చోట కూర్చుని చెబుతున్నా. కారణం వెతుక్కుంటూ కూర్చుంటే కస్టమర్ ఊరుకోడు. ఫార్మాట్ చేస్తే పదింటిలో ఎనిమిది లేచి కూర్చుంటాయి.

వీబీ_పాతకాపు
ఫార్మాట్ వద్దు. ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పండి.

ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పటిది? పాత కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉండేది? ఐకాన్ నొక్కే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుంటే, నొక్కిన తర్వాత దాని పేరు లిస్టులో కనిపించి మాయమవుతోందా, లేక అసలు కనిపించడమే లేదా? ఈవెంట్ వ్యూయర్‌లో, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ అనేచోట, మీరు నొక్కిన నిమిషానికి ఎర్ర గుర్తుతో 1000 నంబర్ ఈవెంట్ ఏదైనా పడిందా?

మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఆపండి. ఇన్‌స్టాల్ అంటే ఫైళ్లను ఒక చోట సర్దడమే. అది సరిగ్గా జరిగిందని నాలుగుసార్లు తేలింది. తెరుచుకునేటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ ఇంకేవో వెతుక్కుంటుంది, అవి దొరకడం లేదు. ఏం వెతుకుతోందో మనం చూడాలి.

దామలచెరువు_కాటా
సీడీ మీద 2009 అని ఉంది. పాతది విండోస్ 7, 32 బిట్. టాస్క్ మేనేజర్‌లో పేరు కనిపించి వెంటనే పోతోంది, రెప్పపాటు కూడా లేదు. ఈవెంట్ వ్యూయర్ మొత్తం వెతికాను, ఆ టైముకు ఎర్ర గుర్తేమీ లేదు. అంటే లోపం లేదనా?

వీబీ_పాతకాపు
అదే చాలా పెద్ద ఆధారం. సాఫ్ట్‌వేర్ కూలిపోయి ఉంటే మామూలుగా విండోస్ అక్కడ 1000 నంబర్‌తో రాసిపెడుతుంది, ఏ ఫైల్ దగ్గర కూలిందో కూడా చెబుతుంది. ఏమీ రాయలేదంటే అది కూలిపోలేదు, తనంతట తానే బయటికి వెళ్లిపోయింది. లోపల ఏదో ఫైల్ తెరవబోయి, కుదరక, ఎవరికీ చెప్పకుండా ముగించుకుంది.

2009 నాటి కాటా సాఫ్ట్‌వేర్ అంటే నా అంచనా విజువల్ బేసిక్ 6 (వీబీ6) అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, వెనకాల యాక్సెస్ డేటాబేస్. నేను పదకొండేళ్లు ఆ పనే చేశాను. వీబీ6 వచ్చింది 1998లో, అయినా దాని రన్‌టైమ్, అంటే ఆ ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఫైళ్లు, ఈరోజుకీ విండోస్ 11తో పాటే వస్తుంది, కాబట్టి విండోస్ 11లో నడవదు అనే మాట సరికాదు. ఎర్రర్ వస్తే ముగించు అని ఒక్క లైన్ రాసి వదిలేసే అలవాటు మాలో చాలామందికి ఉండేది. నేనూ రాశాను. ఆ ఒక్క లైన్ వల్ల పదిహేనేళ్ల తర్వాత ఒక రైతు చీటీ ఆగిపోతుందని అప్పుడు తట్టలేదు, ఇప్పుడు నిజంగా బాధగా ఉంది.

రేణిగుంట_రన్‌టైమ్
అన్నా, వీబీ ప్రోగ్రాములు వాడుకునే ఓసీఎక్స్ అనే సహాయక ఫైల్ లేకపోయినా ఇలాగే అవుతుంది కదా? సీరియల్ పోర్టుకు వాడే ఎంఎస్‌కామ్ 32?

వీబీ_పాతకాపు
అక్క అనండి. ఓసీఎక్స్ లేకపోతే మామూలుగా 339 నంబర్‌తో ఒక బాక్స్ వస్తుంది, ఫలానా ఫైల్ రిజిస్టర్ కాలేదని. వీళ్లకు ఏ బాక్సూ రాలేదు.

రేణిగుంట_రన్‌టైమ్
సారీ అక్కా. నాకు వచ్చింది వేరేది, 0ఎక్స్‌సీ000007బీ అని. ఒక ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్. విజువల్ సీ++ రన్‌టైమ్ 64 బిట్‌ది వేసుకున్నా పోలేదు. సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ది కాబట్టి విండోస్ 64 బిట్ అయినా ఎక్స్86, అంటే 32 బిట్ రన్‌టైమే కావాలని ఒకరు చెప్పారు. అది వేయగానే తెరుచుకుంది. ఇలాంటి సమస్యతో ఎవరైనా వస్తే పనికొస్తుందని రాస్తున్నా.

దామలచెరువు_కాటా
ఒక వింత జరిగింది. మా బావమరిది కొడుకు వచ్చాడు. ఆ మిషన్‌లోనే వాడి పేరుతో ఇంకో యూజర్ పెట్టుకుని, వాడి లాగిన్‌లోంచి అదే ఐకాన్ నొక్కితే కాటా సాఫ్ట్‌వేర్ టక్కున తెరుచుకుంది! నా లాగిన్‌లోకి వచ్చి నొక్కితే మళ్లీ మాయం. వాడు కంప్యూటర్ చదువుకున్నవాడు కూడా కాదు, పాల వ్యాన్ నడుపుతాడు.

బెల్లం_మండి
పాల వ్యాన్ అబ్బాయి చెయ్యి మంచిది. ఆ చేత్తోనే మా కాటా కూడా ఒకసారి ముట్టుకోమనండి.

లీలామహల్_సర్కిల్
అయితే ఇది పర్మిషన్ల గొడవే. మీ యూజర్‌కు అడ్మిన్ హక్కు లేదు.

దామలచెరువు_కాటా
నాదే అడ్మిన్ సార్. వాడిది మామూలు యూజర్.

పాకాల_జంక్షన్
అడ్మిన్‌కు రాకుండా మామూలు యూజర్‌కు వస్తే అది పర్మిషన్ కాదు. రెండు లాగిన్లకూ తేడా ఏమిటో చూడాలి. ఒక్కో యూజర్‌కు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది కదా, మీ ఫోల్డర్‌లో ఏదో పాడై ఉండాలి.

వీబీ_పాతకాపు
పాకాల గారు సరిగ్గా పట్టుకున్నారు. కాటా అన్నా, సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ తెరిచి, అందులో మీ ఫోల్డర్ పేరు ఏమని ఉందో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ పేజీ నుంచి ప్రాసెస్ మానిటర్ దించుకోండి, ఒక ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు వెతుకుతోందో వరసగా చూపిస్తుంది. సిస్‌ఇంటర్నల్స్ మార్క్ రస్సినోవిచ్ వాళ్లు మొదలుపెట్టింది, 2006లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, ఉచితం. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ఫిల్టర్‌లో కాటా సాఫ్ట్‌వేర్ పేరు పెట్టి, ఐకాన్ నొక్కి, ప్రాసెస్ ఎగ్జిట్ అనే వరసకు పైన ఉన్న పది వరసలు చూడండి. సక్సెస్ కానివి ఏమున్నాయో చెప్పండి.

దామలచెరువు_కాటా
ఇది రాస్తున్నది కాటా వాళ్ల అమ్మాయిని. నాన్న బండ్ల దగ్గర ఉన్నారు. నేను తిరుపతిలో మహిళా యూనివర్సిటీలో చదువుతున్నాను, వారాంతానికి ఇంటికి వచ్చాను. కొత్త కంప్యూటర్ సెట్ చేసింది నేనే.

ఫోల్డర్ పేరు నాన్న. తెలుగులోనే. లాగిన్ పేరు ఏం పెట్టాలి అని అడిగింది, నాన్నకు ఇంగ్లీషు పేర్లు ఇష్టం ఉండదు, తెరవగానే తెలుగులో కనిపిస్తే సంతోషిస్తారని అలా పెట్టాను.

ప్రాసెస్ మానిటర్‌లో చివర రెండు వరసలకు నేమ్ ఇన్‌వాలిడ్ అని ఉంది. సి, యూజర్స్, ఆ తర్వాత ఐదు ప్రశ్నార్థకాలు, ఆ తర్వాత యాప్‌డేటా. ఒకటి టెంప్ ఫోల్డర్‌కు, ఒకటి రోమింగ్ ఫోల్డర్‌కు. మేడం, అంటే నేను పెట్టిన పేరు వల్లేనా?

వీబీ_పాతకాపు
తల్లీ, ఆ ఐదు ప్రశ్నార్థకాలే మీ నాన్న. చూసేవాళ్లకు రెండక్షరాలు. కంప్యూటర్ లోపల న, దీర్ఘం, న, పొల్లు, న అని ఐదు కోడ్లు. ఒక్కో కోడ్‌కు ఒక్కో ప్రశ్నార్థకం.

పాత సాఫ్ట్‌వేర్‌లకు అక్షరాల పట్టిక 256 గళ్లదే. దాన్ని కోడ్ పేజీ అంటారు. ఇంగ్లీషు విండోస్‌లో మామూలుగా 1252 నంబర్ పేజీ ఉంటుంది. అలాంటి కోడ్ పేజీ విండోస్‌లో తెలుగుకు లేనే లేదు. తెలుగు విండోస్‌లోకి 2001లో ఎక్స్‌పీతో వచ్చింది, వచ్చిందే యూనికోడ్‌తో, అంటే అన్ని భాషల అక్షరాలకూ చోటున్న పెద్ద పట్టికతో. అందుకని ఆ పాత సాఫ్ట్‌వేర్ నా ఫోల్డర్ ఎక్కడ అని అడిగితే, విండోస్ ఆ దారిని 1252లోకి మార్చి ఇవ్వబోతుంది. అక్కడ లేని ప్రతి అక్షరానికీ ప్రశ్నార్థకం పెడుతుంది. ఫైల్ పేరులో ప్రశ్నార్థకం ఉండకూడదు అనేది విండోస్ నియమం. దాంతో ఆ దారి చెల్లదు, ఫైల్ తెరుచుకోదు, సాఫ్ట్‌వేర్ చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది.

ఇన్‌స్టాల్ ఎందుకు బాగా జరిగిందంటే, అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్తుంది. ఆ దారి మొత్తం ఇంగ్లీషే. 2007లో విస్టా వచ్చాక మామూలు యూజర్లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయకుండా కట్టుదిట్టం అయింది. అప్పటి నుంచి సెట్టింగులను యూజర్ ఫోల్డర్‌లో (నువ్వు చూసిన రోమింగ్ అదే) దాచే పద్ధతి పెరిగింది. మీ సాఫ్ట్‌వేర్ 2009ది కదా, సరిగ్గా సరిపోయింది. నాన్న పాత కంప్యూటర్‌లో యూజర్ పేరు ఇంగ్లీషులో ఉండి ఉంటుంది. పాల వ్యాన్ అబ్బాయి కూడా తన లాగిన్ పేరు ఇంగ్లీషులో పెట్టుకుని ఉంటాడు, అందుకే వాడికి తెరుచుకుంది.

నీ తప్పు కాదు. పేరు అడిగింది, నువ్వు నీ భాషలో చెప్పావు.

లీలామహల్_సర్కిల్
మేడం బాగా చెప్పారు, ఒప్పుకుంటున్నా, ఫార్మాట్ చేసి మళ్లీ తెలుగు పేరే పెట్టి ఉంటే మళ్లీ ఇదే. కానీ నేనైతే కస్టమర్లకు ఒకటే చెబుతా, కంప్యూటర్‌లో పేర్లన్నీ ఇంగ్లీషులోనే పెట్టండి, గొడవ ఉండదు.

డీటీపీ_బైరాగిపట్టెడ
ఆ మాట నేను ఒప్పుకోను సర్కిల్ అన్నా. ముప్పై ఏళ్లుగా తెలుగు అచ్చు పని చేస్తున్నాను. ఫోల్డర్‌కు తెలుగు పేరు పెడితే సరిగ్గా నడిచే సాఫ్ట్‌వేర్‌లు ఇవాళ ఎన్నో ఉన్నాయి. నడవనిది సాఫ్ట్‌వేర్ లోపం. లోపం దానిదైతే మన పేరెందుకు మార్చుకోవాలి?

లీలామహల్_సర్కిల్
భాష మీద నాకూ ప్రేమే. కానీ లారీ డ్రైవర్ కాటా మీద నిలబడి హారన్ కొడుతుంటే భాష గురించి మాట్లాడలేం కదా.

ఎస్వీయూ_ఎంసీఏ
రీజియన్ సెట్టింగుల్లో సిస్టం లొకేల్ మార్చేచోట యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను రాసే ఒక పద్ధతి) వాడు అని ఒక టిక్ ఉంటుంది. 2018 నుంచి ఉంది, ఇప్పటికీ బీటా అనే రాసి ఉంటుంది. అది పెడితే పాత సాఫ్ట్‌వేర్‌లకు కూడా తెలుగు దారి అందుతుంది కదా మేడం?

డీటీపీ_బైరాగిపట్టెడ
దాని జోలికి జాగ్రత్త! నేను పెట్టి దెబ్బతిన్నాను. మా పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, 128 నుంచి 255 దాకా ఉన్న గళ్లలో తెలుగు ముక్కలు దాచుకున్నవి. ఆ టిక్ పెట్టగానే గళ్లన్నీ కదిలిపోయి, పెళ్లిపత్రికలో ఒత్తులన్నీ డబ్బాలయ్యాయి. మర్నాడు ముహూర్తం, ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేదు. టిక్ తీసేసి మిషన్ మళ్లీ ఆన్ చేస్తే సర్దుకుంది.

వీబీ_పాతకాపు
అవును, ఆ టిక్ మొత్తం మిషన్‌కు వర్తిస్తుంది, ఒకదాన్ని బాగుచేసి ఇంకోదాన్ని చెడగొట్టవచ్చు. బరువులు, డబ్బు లెక్కలు ఉన్న మిషన్ మీద ప్రయోగం వద్దు.

పాకాల_జంక్షన్
ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో, టెంప్ ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే టెంప్, టీఎంపీ రెండూ సి డ్రైవ్‌లో ఒక కొత్త ఫోల్డర్‌కు మారిస్తే?

దామలచెరువు_కాటా
అమ్మాయినే. ఇప్పుడే మార్చి చూశాను అన్నా. టెంప్ వరస సక్సెస్ అయింది! కానీ రోమింగ్ దగ్గర మళ్లీ ఐదు ప్రశ్నార్థకాలు, మళ్లీ మూసుకుంది.

వీబీ_పాతకాపు
అయితే ఫోల్డరే వేరేది కావాలి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోకి వెళ్లి యూజర్ ఫోల్డర్ పేరు మార్చమని ఎవరైనా చెబితే వినకండి, లాగిన్ అవ్వడమే కష్టమైపోతుంది.

సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి వెళ్లి కొత్త యూజర్ కలపమను. మెయిల్ అడిగితే, ఈ మనిషి సైన్ ఇన్ వివరాలు లేవు అనేది నొక్కి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా అనేది ఎంచుకో. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ ఏ ఎన్ ఎన్ ఏ అని పెట్టు. అడ్మిన్ హక్కు ఇవ్వు. ఒకసారి అందులో లాగిన్ అవ్వు, అప్పుడే ఫోల్డర్ తయారవుతుంది, ఇంగ్లీషులో.

ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్ తెరిచి, చేంజ్ యువర్ అకౌంట్ నేమ్ నొక్కి, అక్కడ తెలుగులో నాన్న అని పెట్టు. అది తెర మీద కనిపించే పేరును మాత్రమే మారుస్తుంది, ఫోల్డర్‌ను ముట్టుకోదు. తెరవగానే మీ నాన్నకు తెలుగే కనిపిస్తుంది.

కలంకారీ_కాళహస్తి
ఇది చదివి నా కళ్లు చెమర్చాయి. మా షాపు కంప్యూటర్‌కూ ఇలాగే చేస్తాను.

రేణిగుంట_రన్‌టైమ్
నా ఫోల్డర్ పేరు నా పేరులో ఐదు అక్షరాల దగ్గర తెగిపోయి ఉంది, ఎందుకా అని ఎప్పటి నుంచో అనుకుంటున్నా.

వీబీ_పాతకాపు
మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ మొదలుపెడితే మెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలు తీసుకుని ఫోల్డర్‌కు పెడుతుంది. ఈ అమ్మాయి మెయిల్ లేకుండా నేరుగా పేరు టైప్ చేసింది కాబట్టి తెలుగు ఫోల్డర్ తయారైంది.

దామలచెరువు_కాటా
కాటా నాన్ననే రాస్తున్నా. తెరుచుకుంది!! తెరుచుకున్నాక బెల్లం మండి అన్న చెప్పినట్టే బరువు దగ్గర సున్నాలు వచ్చాయి. డివైస్ మేనేజర్‌లో చూస్తే కన్వర్టర్ కామ్ 4 అని ఉంది, సాఫ్ట్‌వేర్‌లో కామ్ 1 అని ఉంది. అమ్మాయి పోర్ట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 4ను 1 చేసింది. ఇండికేటర్‌లో ఉన్న అంకే తెర మీదకు వచ్చింది. మొదటి చీటీ రాత్రి 11.40కి ప్రింటయింది, నేండ్రగుంట రైతుది, రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు.

చేత్తో రాసిన నాలుగు రోజుల చీటీలు లెక్కలోకి ఎక్కించాలి. పాత డేటా ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో రేపు అడుగుతా.

వీబీ_పాతకాపు
పెట్టేముందు ఆ ఫైల్‌కు రెండు కాపీలు తీసి వేరేచోట దాచండి. తర్వాత రాయండి, చూస్తాను.

బెల్లం_మండి
నా సున్నాలు చివరికి పనికొచ్చాయి. సంతోషం అన్నా.

పాకాల_జంక్షన్
రేపు పొద్దున దామలచెరువు మీదుగానే వెళ్తున్నా. పాల వ్యాన్ అబ్బాయి ఉంటే ఒకసారి చూసి పోతా.

దామలచెరువు_కాటా
ఎనిమిదికల్లా ఉంటాడు, రండి. కాయలు కూడా తీసుకుపోదురు.